మహారాజశ్రీ తాళంకప్ప గారికి

చెరువు రెండో గేటు తాళంకప్ప గారి సముఖమునకు,

ఇక్కడ మేమంతా క్షేమం, మోకాళ్ళు తప్ప. తమరి క్షేమం గురించి అడగక్కర్లేదు. మొన్న ఆదివారం పొద్దున తొమ్మిదిన్నరకి కళ్ళారా చూశాం, చేత్తో పట్టుకుని నాలుగుసార్లు లాగి మరీ చూశాం. దిట్టంగా ఉన్నారు.

చెరువు పేరు రాయను. బెంగళూరులో ఏ చెరువు పక్కన అద్దెకున్నవాళ్ళు చదివినా ఇది మా చెరువే అనుకుంటారు, అనుకోనివ్వండి.

మా నాన్న నెల్లూరు నుంచి వచ్చారు. డెబ్భై రెండేళ్ళు. ఇరిగేషన్‌లో లష్కరుగా చేరి, కాలవలూ తూములూ చూసుకుంటూ రిటైరైన మనిషి. మోకాళ్ళ డాక్టరు రోజూ నడవమన్నాడు, మెట్లూ ఎత్తులూ వద్దన్నాడు. మా ఆఫీసువాళ్ళకి వీకెండ్ నడకంటే సావనదుర్గ బండ ఎక్కడమో, అర్ధరాత్రి లేచి స్కందగిరి పోవడమో. నాకు కావాల్సింది అది కాదు. చదునుగా, చెట్ల నీడలో, నీళ్ళ పక్కన ఓ గంట. మొదటి గేటు దాకా ఆటోలో వెళ్ళి, కట్ట మీద మెల్లగా రెండు కిలోమీటర్లు నడిచి, రెండో గేటులోంచి బయటపడితే ఇల్లు అక్కడే. మధ్యలో ఇడ్లీ బండి. ఇంత మంచి ప్లాన్ నా సర్వీసులో ఏ ప్రాజెక్టుకీ వెయ్యలేదు.

మొదటి గేటు దగ్గర మ్యాపు కూడా ఉందండీ. పచ్చ గీత, పక్షి బొమ్మ, తమరు వేలాడుతున్న చోట బాణం గుర్తు, దాని పక్కన కన్నడంలో ‘నిర్గమన’. సంస్కృతం నుంచి వచ్చిన మాట కాబట్టి మా నాన్న కూడా చదివేశారు. ఆ మ్యాపు పక్కన ఇంకో బోర్డు: పరిగెత్తకూడదు, సైకిల్ తొక్కకూడదు, తినకూడదు, కుక్కల్ని తేకూడదు, ఫోటోలు తియ్యకూడదు. ఊపిరి పీల్చుకోవచ్చో లేదో రాయలేదు, పీల్చుకున్నాం.

ముందు అరగంట నిజంగా బాగుంది, అది దాచను. నాన్న చెరువుని చూసే తీరే వేరు. నేను నీళ్ళు చూస్తాను, ఆయన ‘తూము ఏ పక్కరా, అలుగు ఎక్కడ?’ అంటారు. ఈ ఊరికి పెద్ద నది లేదని, ఈ చెరువులన్నీ ఎప్పుడో మనుషులు కట్టలు పోసి కట్టుకున్నవేనని, పై చెరువు పొర్లితే ఆ నీళ్ళు రాజకాలువలో పడి కింది చెరువుకి చేరేవని నేను గూగుల్లో చదివింది చెప్పబోయాను. ఆయన చెయ్యెత్తి నీళ్ళొచ్చే దిక్కూ పోయే దిక్కూ చూపించేశారు, వాలు చూసి. మన పెన్న కూడా ఇక్కడికి దగ్గర్లోనే, నంది కొండల్లోనే పుట్టి 597 కిలోమీటర్లు నడిచి మనూరు దాటి సముద్రంలో కలుస్తుందని చెప్తూ, ఏదో తమ్ముడి ఇంటికి వచ్చినట్టు మొహం పెట్టారు. అంతలో గుర్రపుడెక్క అవతల రెండు గూడబాతులు. ‘మన నేలపట్టు పక్షుల కేంద్రానివే!’ అన్నారు. వాటి ఆధార్ అడగలేదు గానీ, అంత సంతోషంగా ఆయన్ని చూసి చాలా రోజులైంది.

మిగతావి సర్దుకుపోయే రకాలే. రెండు అడుగులకోటి లేచిన పేవర్ బ్లాకులు, ఎదురుగా స్పీకర్లో షేర్ల ధరలు మాట్లాడుకుంటూ వచ్చే అంకుల్, కూర్చునే పలక ఊడిపోయి కాళ్ళు మాత్రమే మిగిలిన బెంచీ, దాని మీద మాత్రం చెక్కుచెదరని దాత పేరు. వీటిమీద నాకు కోపం లేదు.

కోపం తమరి మీద.

రెండు కిలోమీటర్లు నడిచి వచ్చాక, ఇల్లు కనబడుతోంది, మా బాల్కనీలో ఆరేసిన లుంగీ కనబడుతోంది, ఇడ్లీ బండి పొగ కనబడుతోంది, మధ్యలో తమరు. కాపలా మనిషి లేడు. బోర్డు మీది నంబరుకి ఫోన్ చేస్తే తాళంచెవి సూపర్‌వైజర్ దగ్గరుందన్నారు. సూపర్‌వైజర్ని అడిగితే కాంట్రాక్టరు దగ్గరుందన్నాడు. కాంట్రాక్టరు ఎత్తలేదు. రెండోసారి ఎత్తి, ఆ గేటు మా లెక్కలోకి రాదు సార్, గేటు అవతల రోడ్డు వేరేవాళ్ళది, తాళం వాళ్ళే వేసుంటారు అన్నాడు. వాళ్ళెవరని అడిగితే లైను కట్. మా నాన్న అంతసేపూ ఆ ఇనుప చువ్వలు పట్టుకుని నిలబడి, చివరికి ఒక్క మాట అన్నారు: ‘సోమశిల డ్యామ్ గేట్లయినా వరదొస్తే ఎత్తుతార్రా అబ్బయా, దీన్నెప్పుడెత్తుతారు?’

అంతటితో ఆగితే ఈ ఉత్తరం ఉండేది కాదు. తమరికి పదడుగుల దూరంలో, పక్క అపార్ట్‌మెంట్ గోడకి ఓ చిన్న గేటుంది. మేం చూస్తుండగానే ఒకావిడ కార్డు తాకించింది, బీప్ అంది, తలుపు తెరుచుకుంది, పగ్ కుక్కతో సహా చెరువు దారిలోకి వచ్చేసింది. కుక్కల్ని తేకూడదన్న బోర్డు రెండు కిలోమీటర్ల అవతల ఉంది కదా, కుక్క చదవలేదు. మేం అందులోంచి వెళ్ళొచ్చా అని లోపలి సెక్యూరిటీని మర్యాదగా అడిగాను. ‘రెసిడెంట్స్ ఓన్లీ సార్.’ పోనీ పెద్ద గేటు తాళంచెవి? ‘బీగద కై నమ్మ హత్ర ఇల్ల సార్. నాళె బన్ని.’

తాళంచెవి వాళ్ళ దగ్గర లేదట, రేపు రండి! మీకు గుర్తుందో లేదో, దయ్యం తలుపు కొట్టకుండా కన్నడం వాళ్ళు ‘నాళె బా’ అని గోడల మీద రాసుకునేవాళ్ళు, మనవైపు ‘ఓ స్త్రీ రేపు రా’ అని. దయ్యం చదివి, సరేలే అని వెళ్ళిపోయి, మర్నాడు వచ్చి మళ్ళీ అదే చదివేదట. ఆదివారం ఆ దయ్యం మేమే.

వెనక్కి నడిచాం. ఎండెక్కింది. నాన్న మూడుచోట్ల ఆగారు, ఒకచోట ఆ పలకలేని బెంచీ కాలు పట్టుకుని నిలబడ్డారు. మొదటి గేటు చేరేసరికి పదిన్నర. ఆ గేటు పదికే మూసేస్తారట. తమరి తమ్ముడు వేలాడుతున్నాడు అక్కడ, ఇంకా కొత్తవాడు, మెరుస్తున్నాడు. కాపలా ఆయన టిఫిన్‌కి వెళ్ళాడు. మళ్ళీ తెరిచేది సాయంత్రం నాలుగింటికి.

ఇక్కణ్ణుంచి నువ్వు అంటాను, ఏమనుకోకు.

నువ్వు ఎవర్ని ఆపుతున్నావసలు? లోపల చిక్కుకున్నాక తెలిసింది, ఎవరికీ లేని అడ్డు నడిచేవాడికే. బీరు సీసాలు లోపలికి వచ్చాయి, నీ దగ్గర పర్మిషన్ తీసుకున్నాయా? ఇళ్ళు పడగొట్టిన రాళ్ళు టిప్పర్లలో వచ్చి ఒడ్డున పడ్డాయి, వాటికేమైనా కార్డుందా? రాజకాలువ నిండా మురుగు రాత్రీ పగలూ వస్తోంది, దానికి పదింటికి గేటు మూస్తారా? బెళ్ళందూరు చెరువులో సబ్బు నురుగు రోడ్డెక్కి, 2017లో నీళ్ళ మీద మంటలు లేచి, 2018 జనవరిలో మళ్ళీ లేచి ఊరంతా పొగ పీల్చిందే, ఆ విషమంతా ఏ తాళం పగలగొట్టుకుని వచ్చింది? మురుక్కి లేని అడ్డు మా నాన్నకి. డెబ్భై రెండేళ్ళ మనిషి, జీవితమంతా పొలాలకి నీళ్ళు వదిలినవాడు, చెరువులో బందీ. లాల్‌బాగ్‌కి నాలుగు గేట్లున్నాయి, ఒకదాంట్లో పోయి ఇంకోదాంట్లో వస్తాం, లోపలున్న ఆ 300 కోట్ల ఏళ్ళ బండని ఎవరూ ఎత్తుకుపోలేదు. ఈ చెరువు ఎవడి పెరడూ కాదు. గేటు పెట్టడం ఇష్టంలేకపోతే గోడ కట్టుకోండి, బాణం గుర్తెందుకు గీశారు?

బయటికెలా వచ్చామంటావా. నాన్నే కనిపెట్టారు. ‘నీళ్ళొచ్చే చోట మనుషులు పోయే సందు ఉంటుంది’ అని, రాజకాలువ చెరువులో కలిసే మూలకి తీసుకెళ్ళారు. కంచె కోసి ఉంది. బాగా అరిగిన దారి, ఊరు ఊరంతా రోజూ అక్కణ్ణుంచే నడుస్తున్నట్టుంది. ఒక ఆవు మాకు ఎదురొచ్చింది. నాన్న పంచె ఎగ్గట్టి, నా భుజం పట్టుకుని, వంగి బయటపడ్డారు. బురద మోకాళ్ళ దాకా. ఇడ్లీ బండి వెళ్ళిపోయింది.

ఇంట్లో మా ఆవిడ ‘వాకింగ్ ఎలా జరిగింది మామయ్యా?’ అంటే, ఈయన ‘తాళం తుప్పు పట్టిందమ్మా, పాపం, ఎన్నేళ్ళైందో ఎవరైనా చూసి’ అన్నారు. అందరికీ ఫోన్లు చేసి అరిచింది నేను. ఆయనకి మాత్రం మీ మీద జాలి! తూము మరలకి గ్రీజు పెట్టిన చెయ్యి కదా. మర్నాడు పొద్దున కుట్టుమిషన్ నూనె సీసా జేబులో వేసుకుని, బయటి రోడ్డువైపు నుంచి వచ్చి, తమరి నోట్లో నాలుగు చుక్కలు పోసి, పాత బనియన్ ముక్కతో తుడిచి వెళ్ళారు. గుర్తుండే ఉంటుంది, ఈ మధ్యకాలంలో మిమ్మల్ని పేరు పెట్టి పలకరించిన మనిషి ఆయనొక్కరే.

ఇట్లు,
మీ గేటు ఎదురుగా మూడో అంతస్తు, లుంగీ ఆరేసిన బాల్కనీ

తా.క.: గురువారం నాన్న ఊరెళ్ళిపోయారు. రోజూ ఫోన్. నా ఉద్యోగం గురించి అడగరు, పిల్లాడి పరీక్షల గురించి అడగరు. ‘నూనె పోశావా?’ అంటారు. పోస్తున్నాను. నిగనిగలాడుతున్నారు తమరు.