10 మెగాహెర్ట్జ్ గారి సమక్షానికి

అయ్యా,

విజయవాడలో ఒక డాబా మీద, పాత షార్ట్‌వేవ్ రేడియో ముందు, తాతగారి కీ ఇచ్చే హెచ్ఎంటీ వాచీ చేతికి పెట్టుకుని రాసుకుంటున్న విన్నపం.

సెకనుకో టిక్కు చొప్పున సరైన టైము ప్రసారం చేసే రేడియో స్టేషన్లు తమరి ఫ్రీక్వెన్సీ మీదే ఉంటాయి కదా, నిన్న తెల్లవారుజామున వాచీ దిద్దుకుందామని తమరి దగ్గరకు వచ్చాను. వేపచెట్టు దాకా తీగ లాగి, చెవి ఆనించి కూర్చున్నాను. ‘టిక్’ అనాల్సిన చోట తమరు ‘టిటిక్’ అన్నారు. ముందు రేడియోకి నత్తి పట్టుకుందనుకున్నాను. తరువాత అర్థమైంది, తమరి ఇంట్లో కాపురాలు ఎక్కువని.

చైనాలోని పుచెంగ్ నుంచి బీపీఎం, అమెరికాలోని కొలరాడో నుంచి డబ్ల్యూడబ్ల్యూవీ, హవాయి దీవుల నుంచి డబ్ల్యూడబ్ల్యూవీహెచ్, అందరూ తమరి గదిలోనే. బీపీఎం వారు టిక్కును 20 మిల్లీసెకన్లు ముందే వదులుతారు, పెళ్లికి రెండు రోజుల ముందే దిగే బంధువుల్లా. పైగా మూడున్నర వేల కిలోమీటర్ల దగ్గరి చుట్టం. హవాయి టిక్కు పన్నెండు వేల కిలోమీటర్లు ఈదుకుంటూ వచ్చేసరికి 40 మిల్లీసెకన్లు దాటుతాయి. నేను ఎవరి టిక్కుకు వాచీ బొడిపె నొక్కాలి?

అమెరికా వారిద్దరికీ కాస్త మర్యాద ఉంది. నిమిషం ముగిసే ముందు హవాయి ఆవిడ టైము చెబుతుంది, ఆవిడ ముగించాక కొలరాడో ఆయన గొంతు సవరించుకుంటాడు. ఆ ఒప్పందం సముద్రం దాటినట్టు లేదు. వారి మాటల కిందుగా చైనా టిక్కులు పడుతూనే ఉంటాయి.

మామూలు స్టేషన్లు రెండు కొద్ది తేడాతో ఒకే చోట కూర్చుంటే కీచుమని ఈల వస్తుంది. ఎవరో ఒకరు తప్పులో ఉన్నారని తెలిసిపోతుంది. తమరి అద్దెదార్లతో ఆ సుఖమూ లేదు. అందరివీ పరమాణు గడియారాలే, అందరూ సెకనుకు కోటి కంపనాల దగ్గరే నిలబడతారు. ఈల పుట్టదు, ఒకరి గొంతు ఇంకొకరి మీద అతికినట్టు కూర్చుంటుంది. ఇంత కచ్చితంగా కలబడేవారిని నేను ఎక్కడా చూడలేదు. పోనీ పక్కకు జరగమందామా అంటే, వారి సరుకే ఆ కచ్చితమైన కోటి కంపనాలు. 9,900 కిలోహెర్ట్జ్‌కి జరిగితే ఇక అమ్మడానికి ఏముంటుంది?

ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అన్నట్టు మాస్కో ఆర్‌డబ్ల్యూఎం మాత్రం 9,996 దగ్గర విడిగా ఉంటుంది. బుద్ధిమంతుడే, కానీ పక్క స్టేషన్లను ఆపాల్సిన నా రేడియో ఫిల్టరు వెడల్పు కాబట్టి ఆయన నాలుగు కిలోహెర్ట్జ్ దూరం నాకు సన్నని ఈలగా చెవిలో గుచ్చుకుంటుంది. కెనడా సీహెచ్‌యూ ముందు నుంచీ వేరు కాపురమే. అయినా ప్రసార స్టేషన్ల పోరు పడలేక 2009లో 7,335 నుంచి 7,850కి మూటాముల్లె సర్దుకుంది.

మేమూ సుద్దపూసలం కాము. మన నేషనల్ ఫిజికల్ లాబొరేటరీ వారి ఏటీఏ కూడా ఒకప్పుడు ఢిల్లీ నుంచి తమరి గుమ్మంలోనే టిక్కులు కొట్టింది.

కనీసం ఇంటి ముందు ఒక బోర్డు పెట్టించండి, ఏ గంటకు ఎవరి వంతో.

ఇట్లు,
తమరి శ్రోత

తా.క.: ఈ వాచీ రోజుకు నాలుగు నిమిషాలు వెనకబడుతుంది.