దశాంశాలను మింగే సవరింపు గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ 'సమీప పూర్ణాంకానికి సవరింపు' గారికి, ఇంటర్ రసాయనశాస్త్రం జవాబుపత్రాలు దిద్దుకునే ఒక అధ్యాపకుడు నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి.

అనుభావిక ఫార్ములా, అంటే సమ్మేళనంలో పరమాణువుల అతి చిన్న పూర్ణాంక నిష్పత్తి, కట్టే లెక్కల్లో తమరి హస్తవాసి గురించి ఎంత చెప్పినా తక్కువే. మొన్న హెమటైట్ అనే ఇనుప ఖనిజం లెక్క తమరి చేతిలో పడింది. వంద గ్రాముల్లో ఐరన్ 69.9 గ్రాములు, ఆక్సిజన్ 30.1 గ్రాములు. విద్యార్థి వాటిని పరమాణు భారాలైన 55.85తోనూ 16తోనూ పద్ధతిగా భాగించి, 1.25, 1.88 మోల్‌లు (పరమాణువుల లెక్కకు కొలమానం) రాబట్టాడు. చిన్నదానితో రెండింటినీ భాగించి 1:1.5 అని చూసుకుని, రెండు పక్కలా 2తో గుణించి ఉంటే 2:3 వచ్చి లెక్క ముగిసేది. ఆ అడుగు పడకముందే తమరు దయచేసి 1.25ను 1గానూ, 1.88ను 2గానూ దిద్దారు. ఓబుళాపురం కొండలు లారీలెక్కిపోయినప్పుడు కూడా మారని హెమటైట్ నిష్పత్తి, తమరి చలవతో ఒక్క పెన్ను గీతకు 1:2 అయిపోయింది.

మాగ్నటైట్ అనే మరో ఇనుప ఖనిజానికీ ఇదే మర్యాద. ఐరన్ 72.4, ఆక్సిజన్ 27.6 గ్రాములైతే నిష్పత్తి 1:1.33 వస్తుంది, 3తో గుణిస్తే 3:4. ఆ 0.33 తమరికి చిల్లరగా కనిపించింది కాబోలు, 1:1 అని తేల్చేశారు.

తమరికి హక్కే లేదని నేననను. 1.98ని 2 అనడం న్యాయమే, ఎందుకంటే అది తూకంలో వచ్చే చిన్న తేడా. 1.5, 1.33, 1.25 మాత్రం తేడాలు కావు, గుణకం కోసం నోరు తెరుచుకుని చూస్తున్న భిన్నాలు.

అయితే తమరికి పాఠ్యపుస్తకమే కొమ్ముకాసే చోటు ఒకటుంది. ఫెర్రస్ ఆక్సైడ్‌ను అందరం 1:1 అని రాస్తాం గానీ, దాని స్ఫటికంలో కొన్ని ఐరన్ స్థానాలు ఖాళీగా ఉండటంవల్ల ఒక్కో ఆక్సిజన్‌కు ఐరన్ సుమారు 0.95 మాత్రమే ఉంటుంది. నిజాయితీగా తూచినవాడికి ఐరన్, ఆక్సిజన్ 1:1.05 వస్తుంది, తమరు దాన్ని తూకం తప్పుగా జమకట్టి చెరిపేస్తారు. రేపు ఎవరైనా విద్యార్థి ఆ 1.05ను 1.05గానే వదిలేస్తే మార్కు వేయాలో కొట్టేయాలో వెంటనే తెలియజేయ ప్రార్థన. నా చేతిలో ఉన్న జవాబుల కీ తమరు రాసిందే.

ఇట్లు,
తమరి విధేయుడు