వ్రతానికి వచ్చినవాళ్ల చెప్పులు

లాబ్రడార్ కుక్కపిల్ల లడ్డుని ఇంటికి తెచ్చింది మా అబ్బాయి. పేరు పెట్టింది మా ఆవిడ. వాడు కొరికేసినవాటి స్థానంలో కొత్తవి కొనేది నేను. కూకట్‌పల్లిలో నాలుగో అంతస్తు ఫ్లాటు మాది. అబ్బాయీ కోడలూ పొద్దున్నే హైటెక్ సిటీకి వెళ్లిపోతే, సాయంత్రం దాకా ఇంట్లో ఇద్దరు ముసలాళ్లం, ఒక నిరుద్యోగీ మిగులుతాం. భోజనం కాగానే మాకు నిద్ర పడుతుంది. నిరుద్యోగికి పట్టదు.

మొదట్లో పళ్లొస్తున్నాయి అన్నారు. కుక్కపిల్లకి 28 పాలపళ్లుంటాయట. అవి ఊడిపోయి ఆరేడు నెలలకల్లా 42 గట్టిపళ్లు వస్తాయట. "చిగుళ్లు సలుపుతుంటాయి నాన్నా, కాస్త ఓపిక పట్టండి" అన్నాడు మావాడు. పట్టాం. టీవీ రిమోటు పోయింది, కోడలి ఇయర్‌ఫోన్లు పోయాయి, సోఫాకి ఒక మూల పోయింది. నలభై రెండూ వచ్చేశాయి. పళ్లు రావడం అయిపోయాక వాటిని వాడటం మొదలైంది.

డాక్టరుగారికి చూపిస్తే లడ్డుని వదిలేసి మమ్మల్ని పరీక్షించారు. రోజుకి ఎంతసేపు తిప్పుతున్నారు, ఎవరు ఆడిస్తున్నారు, వాడికంటూ ఏం పని ఉంది అని వరసగా ప్రశ్నలు. "ఏం లేదండీ, వాడికి తోచట్లేదు. ఊసుపోక కొరుకుతున్నాడు" అని తేల్చారు. వీడి పూర్వీకులు కెనడాలో న్యూఫౌండ్లాండ్ తీరాన జాలర్లతో కలిసి చన్నీళ్లలో వలలు లాగినవాళ్లట. తరవాత ఇంగ్లండు దొరలు వేటాడిన పక్షుల్ని పంటి గాటు పడకుండా నోట కరుచుకొచ్చి ఇచ్చినవాళ్లట. అంతటి వంశంలో పుట్టినవాణ్ని తెచ్చి వలా పక్షీ లేని మూడు గదుల్లో పడేశాం. ఉన్నవల్లా చెప్పులే.

ఆ చెప్పుల రుచి చూపించింది మా ఆవిడ. ఆడుకోమని పాతది ఒకటి వాడి ముందు పడేసింది. "పాతది కదండీ, కొరుక్కుంటే పోయేదేముంది?" అంది. లడ్డుకి పాతదీ కొత్తదీ అన్న తేడా లేదు. కాలి చెమట వాసన వచ్చేదల్లా వాడి సొంతమే.

కార్తీక పౌర్ణమికి ఇంట్లో సత్యనారాయణ వ్రతం పెట్టుకున్నాం. చుట్టాలూ ఇరుగుపొరుగూ కలిసి హాలు నిండిపోయింది, గుమ్మం బయట చెప్పులు లిఫ్టు దాకా పరుచుకున్నాయి. లడ్డుని పడగ్గదిలో పెట్టి గడియ వేశాం. గడియ తీసిన మహానుభావుడు నాలుగేళ్లవాడు, మా మేనకోడలి కొడుకు. "కుక్క ఏడుస్తోంది" అని వాడికి జాలేసిందట.

పంతులుగారు నాలుగో అధ్యాయంలో ఉన్నారు. భర్త తిరిగొచ్చాడన్న సంబరంలో కళావతి ప్రసాదం మరిచి పరుగెత్తడం, ఆ భర్త ఉన్న పడవ కాస్తా మాయమవడం చెబుతుంటే అందరూ చేతుల్లో అక్షింతలు పట్టుకుని వింటున్నారు. సరిగ్గా అప్పుడే మా వీపుల వెనక చెప్పులు మాయమవుతున్నాయి.

హారతి, తీర్థం, ప్రసాదం, భోజనాలు అన్నీ అయ్యాయి. ముందు బయల్దేరిన పక్క ఫ్లాటావిడ గుమ్మం దగ్గరే ఆగిపోయింది. "అన్నయ్యగారూ, నాది ఒక్కటే ఉంది!" వెనకాలే ఇంకొకాయన, "నాదీ ఒక్కటే." చూస్తే అక్కడ ఏ చెప్పుకీ జత లేదు.

"దొంగలు పడ్డారు" అంది మా ఆవిడ.

"ఒక్కో చెప్పే పట్టుకుపోయే దొంగ ఎవడే?"

వాచ్‌మన్ కెమెరా ఫుటేజీ ఫోన్లో చూపించాడు. లడ్డు తోకాడించుకుంటూ వస్తాడు, ఒక చెప్పు వాసన చూసి నోట కరుచుకుని లోపలికి పోతాడు, మళ్లీ వస్తాడు. తొందర లేదు, బెరుకు లేదు. ఆఫీసుల్లో అంత శ్రద్ధగా పనిచేసేవాళ్లని నేను పెద్దగా చూడలేదు.

అన్నీ మా మంచం కింద పోగుపడి ఉన్నాయి. తపాలా శాఖలో సార్టింగ్ చేసిన చెయ్యి ఇన్నాళ్లకి అక్కరకొచ్చింది. ఒక్కొక్కటీ పైకెత్తి "ఇదెవరిది?" అని అడిగి బట్వాడా చేశాను. వంశం పరువు నిలబెట్టాడు వెధవ, ఒక్కదాని మీదా గాటు లేదు. పంతులుగారి తోలుచెప్పు తప్ప. అందులో మడమ భాగం మాత్రమే దొరికింది.

నేను తలెత్తుకోలేకపోయాను. ఆయనే నవ్వేశారు. "చెప్పులు పోతే శని వదిలినట్టే అంటారు కదండీ. ఒకటే పోయింది గనక సగం వదిలినట్టు లెక్క." దక్షిణతో పాటు కొత్త చెప్పుల డబ్బూ ఇచ్చి ఆటో ఎక్కించాను. రెండో చెప్పు మాకే వదిలేశారు.

లడ్డుని గట్టిగా కేకలేస్తే చెవులు వాల్చి, పక్కకి చూస్తూ నేలకి కరుచుకుపోయాడు. "చూడు, తప్పు తెలుసుకున్నాడు" అంది మా ఆవిడ. మావాడు ఒప్పుకోలేదు. అలెగ్జాండ్రా హొరొవిట్జ్ అనే ఆవిడ 2009లో అచ్చువేసిన పరిశోధన ఒకటుందట. కుక్క ఆ మొహం పెట్టేది తప్పు చేసినందుకు కాదు, యజమాని తిడుతున్నందుకట. ఏ తప్పూ చెయ్యని కుక్కని తిట్టినా అదే మొహం పెడుతుందట. "మీ నాన్నగారూ అంతేరా" అంది మా ఆవిడ.

ఆ జాలి మీదే గిన్నెడు ప్రసాదం తెచ్చి వాడి ముందు పెట్టబోయింది. మావాడు ఒక్క గెంతులో గిన్నె లాక్కున్నాడు. "అమ్మా, ఇందులో కిస్‌మిస్ ఉంది! కుక్కలకి అది విషం, కిడ్నీలు పోతాయి." ప్రసాదం కాదంటే ఏమవుతుందో అప్పుడే కథలో విని ఉందేమో, ఆవిడకి టెన్షన్ పట్టుకుంది. వాడి వంతు నేను తిన్నాను.

ఇక వాడికి పని చూడక తప్పలేదు. పొద్దున్న నడకలో తొందరపెట్టకుండా వాసనలు చూడనివ్వాలన్నారు డాక్టరుగారు. ముక్కుకి పని పెడితే ఒళ్లూ అలుస్తుందట. అందుకని చెత్తకుండీ దగ్గర గొలుసు పట్టుకుని నిలబడుతున్నాను. వచ్చేపోయేవాళ్లకి నమస్కారాలు పెట్టడం నా పని. మధ్యాహ్నం మేత గింజల్ని పాత తువ్వాల్లో చుట్టి ఇస్తే వెతుక్కుని తింటున్నాడు. ఫ్రిజ్‌లో గడ్డకట్టించిన క్యారెట్ ఇస్తే మా కునుకు అయ్యేదాకా కాలక్షేపం. చెప్పులన్నీ తలుపున్న అలమరలోకి ఎక్కాయి.

ఇవి చాలవని కోడలు వాడికి పేపరు తెచ్చే పని నేర్పింది. పళ్లు దించకుండా తెచ్చి ఒళ్లో పెడుతున్నాడు. కాకపోతే మన గుమ్మం ముందుదే తేవాలని ఇంకా ఎక్కలేదు. తెల్లారేసరికి ఈ అంతస్తులోని పేపర్లన్నీ మా సోఫా మీద ఉంటున్నాయి. నేను లుంగీ ఎగ్గట్టి, ఇంగ్లీషువి ఒక చేతా తెలుగువి ఒక చేతా పట్టుకుని గుమ్మం గుమ్మానికీ వేసొస్తున్నాను. ఎదురింటాయన తలుపు తీసి, "మాది నిన్న లేటైందండీ" అంటున్నాడు.