గెడ్డ కనబడకూడదు

దేశ ప్రతిష్ఠ మా ఇంటి గీజర్ మీద ఆధారపడి ఉందని మొన్న జనవరి దాకా నాకు తెలియదు. మా క్లబ్ అధ్యక్షుల వారు ఫోన్ చేసి చెప్పారు. వృత్తి నిపుణుల మార్పిడి పర్యటన కింద నెదర్లాండ్స్ నుంచి ఒక ఇంజనీరు విశాఖ వస్తున్నాడు, నాలుగు రోజులు మీ ఇంట్లోనే దిగుతాడు, ఇక మీరు మామూలు మనుషులు కారు, పౌర దౌత్యవేత్తలు అన్నారు. ఆ మాటే మా ఆవిడకు చెబితే, "అయితే దౌత్యవేత్తల ఇళ్లలో పనిమనిషి నాగాలు పెట్టదా?" అంది. విదేశాంగ విధానం మీద మా ఇంట్లో జరిగిన చర్చ అంతే.

పౌర దౌత్యానికి పెద్ద చరిత్రే ఉంది. 1940లో నెల్సన్ రాక్‌ఫెల్లర్ లాటిన్ అమెరికా పాత్రికేయులను అమెరికాకు పిలిపించి ఊళ్లు తిప్పారు. ప్రభుత్వాలు కుదర్చలేని స్నేహాలు మామూలు జనం కుదురుస్తారని 1956లో అమెరికా అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ ఏకంగా ఒక ఉద్యమమే మొదలెట్టారు. నేటికీ అక్కడ ఊరూరా వాలంటీర్లు ఉంటారు. వచ్చినవాడు జడ్జి అయితే కోర్టుకు, డాక్టరైతే ఆసుపత్రికి తీసుకెళ్తారు. ఒక పూట ఇంటికి పిలిచి తాము తినేదే పెడతారు. ఈ పద్ధతిలో ఉన్న ఘోరమైన లోపాన్ని మా క్లబ్ ఇట్టే పట్టేసింది. అతిథికి అతని పనికి సంబంధించిన చోటు చూపిస్తే మన పరువేం కావాలి?

మావాడి పని వాన నీళ్ల కాలువలు, మురుగు కాలువలు. వాళ్ల దేశంలో సుమారు నాలుగో వంతు నేల సముద్ర మట్టానికి కిందే ఉంటుంది కనుక నీళ్లను తోడి పారబోయడం వాళ్లకు తరతరాల విద్య. అలాంటివాడికి విశాఖలో ఏం చూపించాలన్నది పది నిమిషాల్లో తేలిపోయింది. ఏం చూపించకూడదన్న దానిమీద కమిటీ గంటన్నర కూర్చుని, గెడ్డ అని ఏకగ్రీవంగా తీర్మానించింది. (బయటి ఊళ్ల పాఠకుల కోసం: కొండల మీద పడ్డ వానను సముద్రానికి చేర్చేది గెడ్డ. ఈమధ్య వానతో పాటు ఇంకా చాలా చేరుస్తోంది.) మా కాలనీ చివర కల్వర్టుకు రెండు వైపులా ఆకుపచ్చ పరదా కట్టించారు. బడ్జెట్‌లో శాలువాల తర్వాత పెద్ద పద్దు అదే.

మొదటి రోజు సబ్‌మెరైన్ మ్యూజియం. 1969లో నౌకాదళంలో చేరి, 2001లో రిటైరైన కురుసుర జలాంతర్గామి బీచ్ ఒడ్డున ఇసకలో కూర్చుని ఉంది. నీళ్లలో తిరిగేదాన్ని ఎంత పొడిగా ఉంచామో చూడండని అధ్యక్షుల వారు వివరించారు. రెండో రోజు భీమిలి. 17వ శతాబ్దంలో డచ్చివారు అక్కడ వర్తకం చేశారు కదా, సొంత మనుషులను చూస్తే సంతోషిస్తాడని నేరుగా శ్మశానానికి తీసుకెళ్లాం. సమాధుల మధ్య నిలబెట్టి గ్రూప్ ఫొటో దిగాం. వచ్చేటప్పుడు తొట్లకొండ ఎక్కాం. రెండు వేల ఏళ్ల కిందట బౌద్ధ భిక్షువులు వాన నీళ్లు దాచుకోవడానికి రాతిలో తొలిచిన తొట్ల దగ్గర మనిషి ఆగిపోయాడు. మోకాళ్ల మీద కూర్చుని, నీళ్లు ఎటు నుంచి వచ్చి ఎటు పోయేవని అడిగాడు. సన్మానానికి టైమవుతోందని లేవదీశాం. ఆ సాయంత్రానికి శాలువాలు ఆరయ్యాయి.

ఇక ఇంటి సంగతి. మా నాన్న రేవులో పూడిక తవ్వే ఓడలు, అంటే డ్రెడ్జర్ల మీద పనిచేసి రిటైరయ్యారు. నోటికి అదుపుండదు కనుక, అతిథి ఉన్నంతసేపూ లోపలి గదిలో టీవీ చూసుకోవాలని, ఎదురుపడినా జీతం అడగకూడదని ముందే ఒప్పందం కుదిరింది. మూడో రోజు రాత్రి నేను పెరుగు ప్యాకెట్‌కు వెళ్లొచ్చేసరికి ఇద్దరూ డైనింగ్ టేబుల్ దగ్గరున్నారు. జీతం అడగడం అయిపోయి, పెన్షన్ దగ్గరికొచ్చారు. మా నాన్న చివరి రోజుల్లో పనిచేసిన డ్రెడ్జర్ హాలెండ్‌లో కట్టిందట. అక్కడ మొదలైంది మాట.

మా నాన్న దినపత్రిక అంచు మీద తీరం గీశారు. ఉప్పు డబ్బా హార్బర్ పక్కనున్న డాల్ఫిన్స్ నోస్ కొండ అయింది. "ఇసకంతా ఇలా దక్షిణం నుంచి ఉత్తరానికి పోతాది బాబూ. హార్బర్ గోడలు అడ్డొచ్చాయి. ఇవతల మేట, అవతల ఆర్కే బీచ్‌కి కోత" అన్నారు. ఆ మేటను తవ్వి, పైపుల్లో బీచ్ మీద పోయడం ఏళ్ల తరబడి జరుగుతోంది. 1933లో తెరిచిన పోర్టు నోట్లో ఇసక పడకుండా, అప్పట్లో రెండు పాత ఓడలను కావాలనే ముంచి గోడలా నిలబెట్టారని కూడా చెప్పారు. అతిథి రెండు ఆవకాయ జాడీలు తీసి ఓడల చోట పెట్టాడు. కారం లేకుండా వండిన మా ఆవిడ మూడు రోజుల దౌత్యం పక్కకు పోయి, ఆవకాయ మూత తెరుచుకుంది. ముక్కు తుడుచుకుంటూ ఇంకొంచెం అన్నాడు.

మర్నాడు పొద్దున్నే ఇద్దరూ వాకింగ్‌కు వెళ్లారు. పరదా ఎత్తి గెడ్డ చూశారట. అతిథి ప్యాంటు మడిచి దిగి, కల్వర్టు తూము ఎంత వెడల్పో జానలతో కొలిచాడట. తూము చిన్నది, అందులో సగం పూడిక, అందుకే వానకు మీ వీధి మునుగుతోంది అన్నాడట. ఈ సంగతి మా వీధి మొత్తానికీ ఇరవై ఏళ్లుగా తెలుసు. కానీ డచ్చివాడి నోట రావడంతో అది రహస్యం బయటపడినట్టయింది.

క్లబ్ నాకు సంజాయిషీ నోటీసు ఇచ్చింది. అతిథిని అనుమతి లేకుండా అతని వృత్తి వైపు మళ్లించారన్నది అభియోగం. మా నాన్న వయసును దృష్టిలో పెట్టుకుని క్షమించమని రాసిచ్చాను. అతిథి వెళ్లాక మెయిల్ పంపాడు, ఫొటో కూడా జత చేశాడు. అందులో మా నాన్న గెడ్డ గట్టు మీద టేపు పట్టుకుని నిలబడి ఉన్నారు. క్లబ్ పత్రికలో దాన్ని నడుము దాకా కత్తిరించి, "సముద్ర తీరాన ఆహ్లాదంగా" అని వేశారు.

వచ్చే నెల జపాన్ నుంచి చెత్త నిర్వహణ నిపుణురాలు వస్తున్నారు. మా వీధి మలుపులో చెత్త కుండీని నిన్న రాత్రే ఎత్తించేశారు. చెత్త మాత్రం అక్కడే ఉంది.