పొయ్యి కూడా వారసత్వమే

“మా అమ్మకీ ఇదే, మా అవ్వకీ ఇదే. మా వంశంలోనే ఉంది ఈ ఆయాసం.” చిత్తూరు చుట్టుపక్కల పల్లెల్లో ఈ మాట అనే ఆడవాళ్లు ఎందరో. కానీ అవ్వ ఊదిన ఊదుగొట్టమే అమ్మ చేతికొచ్చింది. అమ్మ కూర్చున్న కట్టెల పొయ్యి ముందే కూతురూ కూర్చుంది. ఇందులో రక్తంలో వచ్చిందెంత, పొగలో వచ్చిందెంత?

రక్తానికి పాత్ర లేదనను. ఆల్ఫా-1 యాంటీట్రిప్సిన్ అనే ప్రొటీన్ కాలేయంలో తయారై ఊపిరితిత్తులకు కాపలా కాస్తుంది. అమ్మానాన్నలిద్దరి నుంచీ లోపమున్న జన్యువే వస్తే ఆ కాపలా పలచబడుతుంది. 1963లో స్వీడన్‌లో గుర్తించిన ఈ లోపం మన దగ్గర అరుదే. ఐనా ఒకటి గమనించాలి. ఆ లోపంతో పుట్టి సిగరెట్ తాగేవాళ్లకు ముప్పై, నలభై ఏళ్లకే ఊపిరి అందకుండా పోవచ్చు. తాగనివాళ్లలో చాలామంది ఇంకా ఎన్నో ఏళ్లు బాగానే నెట్టుకొస్తారు. జన్యువు అదే, బతుకు వేరు.

మన బెల్లం గానుగల దగ్గరికే రండి. అక్కడ చెరకు పిప్పే వంటచెరకు. నిలవ ఉంచిన పిప్పి తడిసి బూజు పడితే, దాన్ని కదిలించినప్పుడు లేచే దుమ్ముతో బగాసోసిస్ అనే ఊపిరితిత్తుల జబ్బు రావచ్చు. అదే దుమ్ము పీల్చిన పదిమందికీ రాదు. కొందరి ఒంటికే అది పడదు. ఆ పడకపోవడంలో జన్యువుల వాటా ఉండొచ్చు. కానీ ఆ దుమ్మే లేకపోతే ఎవరికీ రాదు. కుప్పం వైపు గ్రానైట్ పనివాళ్ల సంగతి ఇంకా కఠినం. రాతి పొడితో వచ్చే సిలికోసిస్‌ను నయం చేసే మందు ఇప్పటికీ లేదు.

నన్ను ఎక్కువగా కలవరపెట్టేది పిల్లల సంగతి. ఇరవై, పాతికేళ్ల దాకా ఊపిరితిత్తుల సామర్థ్యం పెరుగుతూనే ఉంటుంది. అమ్మ ఒడిలో పొగ పీల్చిన బిడ్డకు ఆ ఎదుగుదలే కుంటుపడుతుంది. ముప్పై ఏళ్ల తర్వాత దాన్నే మనం ‘వంశం’ అంటాం.

ఆస్పత్రిలో మొదటి ప్రశ్న “బీడీ, సిగరెట్ అలవాటుందా?” అన్నదే. లేదంటే పొగ మాట అక్కడితో ముగుస్తుంది. “ఎన్నేళ్లు కట్టెల పొయ్యి మీద వండినావమ్మా?” అనీ అడగాలి. గొట్టంలోకి గట్టిగా ఊదించే స్పైరోమెట్రీ పరీక్ష అప్పుడే చేయించాలి. 2016లో మొదలైన ఉజ్వల పథకంతో గ్యాస్ పొయ్యి చాలా ఇళ్లకు చేరింది. పెరట్లో స్నానాల నీళ్లు కాచే పొయ్యిలో మాత్రం ఇంకా కట్టెలే మండుతున్నాయి.