పదహారో తేదీ జెండా

పంద్రాగస్టు వేడుక ముగిసి ఇరవై నాలుగు గంటలైనా కాలేదు. విశాఖ ఆర్కే బీచ్ ఎదుట కాలిబాట మీద జెండాలు టీ కప్పులతో, బజ్జీల కాగితాలతో కలిసి పడి ఉన్నాయి. ప్లాస్టిక్ పుల్లకు వేలాడుతున్న ఒక జెండాను పారిశుధ్య కార్మికురాలు చీపురుతో నెట్టలేక, వంగి చేత్తో తీసింది. ఇసుక దులిపింది. చెత్తబండిలో వేయడానికి చెయ్యి రాక, బండి అంచున గుచ్చింది. ఆమెకున్న ఇంగితం నిన్న వేదికలెక్కిన పెద్దలకు లేకపోయింది.

ప్లాస్టిక్ జెండాలను దేశమంతటా 2022 జులై 1 నుంచే నిషేధించారు. అయినా సిగ్నళ్ల దగ్గర కట్టలకు కట్టలు అమ్ముతుంటే అధికారులు ఏం చేస్తున్నట్టు? వేడుకయ్యాక కాగితం జెండాను కూడా నేల మీద పారేయకూడదని పతాక నియమావళి చెబుతోంది. చిరిగి పాడైన జెండాను నలుగురి కంటా పడకుండా, గౌరవంగా, వీలైతే కాల్చి పూర్తిగా లేకుండా చేయాలి. అంతే తప్ప గెడ్డలో పారేయమని ఎక్కడా లేదు.

నిన్న ప్రతి మైకులోనూ ఒకటే మాట: జెండా రూపకర్త పింగళి వెంకయ్య మన తెలుగువాడు. నిజమే. భట్లపెనుమర్రులో పుట్టిన ఆ మనిషే 1921లో బెజవాడ కాంగ్రెస్ సమావేశాలప్పుడు గాంధీజీకి నమూనా అందించారు. ఆయన గీసినవి ఎరుపు, ఆకుపచ్చ. తెలుపు గాంధీజీ సూచనతో చేరింది. నడుమ రాట్నం ఉండేది. 1947 జులై 22న రాజ్యాంగ సభ ఆమోదించిన జెండాలో రాట్నం పోయి, 24 ఆకుల ధర్మచక్రం వచ్చింది. ఆకుపచ్చ అంటే మట్టితో, మొక్కలతో మనకున్న బంధమని సర్వేపల్లి రాధాకృష్ణన్ ఆ సభలోనే వివరించారు. ఆ రంగునే ప్లాస్టిక్‌లో అచ్చేసి సముద్రంలోకి వదులుతున్నాం.

ఖాదీ జెండా పేదవాడు కొనలేడని, పాలిస్టర్‌కు అనుమతి వచ్చాకే ఇంటింటా జెండా ఎగిరిందని వాదించేవాళ్లున్నారు. కాదనం. కానీ వేలల్లో ఆర్డర్లిచ్చేవాళ్లు పేదలు కాదే! 2021 డిసెంబరు 30న నియమావళి సవరించేదాకా గుడ్డ జెండా అంటే చేత్తో వడికి, చేత్తో నేసిందే. మరమగ్గం జెండాకు అనుమతి వచ్చింది గానీ, ఖాదీ కొనొద్దని ఎవరూ అనలేదు. పక్కనున్న పొందూరులో వాలుగ చేప దవడతో పత్తి ఏకి నూలు వడికే ఆడవాళ్లు ఇంకా ఉన్నారు. వాళ్లది సన్నఖాదీ, జెండా గుడ్డ వేరు. అయినా ఆ చేతులకు జెండా పని నేర్పించి నాలుగు డబ్బులు అందేలా చూద్దామని ‘మన తెలుగువాడు’ అన్నవాళ్లలో ఎవరికైనా తట్టిందా?

మన తెలుగువాడే! 1963లో పేదరికంలో కన్నుమూసినప్పుడూ మన తెలుగువాడే. అప్పుడు పట్టించుకోనివాళ్లం ఇప్పుడు ఏటా ఆయన ఫొటోకి దండ వేసి, ఆయన జెండాను మర్నాటికి చెత్తకుప్పలో వేస్తున్నాం. ఇంతకన్నా ద్వంద్వనీతి ఏముంటుంది?

నిన్న బీచ్ రోడ్డులో ర్యాలీ తీసిన నాయకులు ఈ ఉదయం ఒక్కరైనా గోనెసంచి పట్టుకుని రావలసింది. రాలేదు. జనవరి 26కి మళ్లీ ఇదే రోడ్డు మీదకు వస్తారు. ప్లాస్టిక్ జెండాలు పంచే ఉద్దేశమే ఉంటే, దయచేసి వెంకయ్యగారి పేరు మాత్రం ఎత్తకండి.