సవరణ: 1964 తర్వాత వెండి లేదన్న మాట

అమెరికాలో పాత ఇళ్ల స్థలాల్లో యజమాని అనుమతితో మెటల్ డిటెక్టర్ పట్టుకుని వెతికేవాళ్ల కోసం పెట్టిన పోస్టులో, "1964 దాకా వచ్చిన డైమ్ (10 సెంట్లు), క్వార్టర్ (25 సెంట్లు), హాఫ్ డాలర్ (50 సెంట్లు) నాణేల్లోనే వెండి ఉంటుంది, నికెళ్లను (5 సెంట్ల నాణేలను) పట్టించుకోనక్కర్లేదు" అని రాశాను. అది తప్పు. అమెరికా టంకశాల ఇచ్చిన లోహ వివరాల ప్రకారం డైమ్, క్వార్టర్ల వరకే ఆ మాట సరి.

1965–70 కెనెడీ హాఫ్ డాలర్లలో 40 శాతం వెండి ఉంది. బరువు 11.5 గ్రాములు, వెండి లేనిది 11.34. తేడా స్వల్పం కాబట్టి సంవత్సరం చూసే తేల్చుకోండి.

నికెల్ దగ్గర సంవత్సరం ఒక్కటే చాలదు. రెండో ప్రపంచ యుద్ధకాలపు నికెల్‌లో 56 శాతం రాగి, 35 వెండి, 9 మాంగనీసు. 1942లో వెండి ఉన్నవి, లేనివి రెండు రకాలూ వచ్చాయి. వెనకవైపు ఉన్న మాంటిచెల్లో భవనం గుమ్మటం పైన పెద్ద పి, డి లేదా ఎస్ అక్షరం ఉంటే అది వెండిదే. 1945 దాకా ఇదే గుర్తు. మట్టిలో నల్లబడి పనికిరాని బిళ్లలా కనిపిస్తుంది. వేలితో రుద్దకండి, గీతలు పడతాయి. నీళ్లలో నానబెట్టి చూడండి.

ఇంకొకటి: మామూలు నికెల్ సిగ్నల్ డబ్బా మూతల పుల్‌ట్యాబ్‌ల పక్కనే పడుతుంది. వాటిని డిటెక్టర్‌లో అక్కర్లేని లోహాల సిగ్నళ్లను వదిలేసే సెట్టింగ్ అయిన డిస్క్రిమినేషన్‌లో తీసేస్తే నికెళ్లూ పోతాయి.